ఫాల్తూ అంతా తీసెయ్యండి

లప్పం వాసన తగిలితే ఇప్పటికీ నేను ముక్కు మూసుకుంటాను. కార్ల సొట్టలూ కన్నాలూ పూడ్చడానికి డెంటింగ్ షాపులవాళ్ళు రాసే బూడిదరంగు ముద్ద అది. ఆరితే రాయిలా గట్టిపడుతుంది. దాని మీద రంగు కొడితే ఎక్కడ రేకుందో ఎక్కడ లప్పముందో రాసినవాడు కూడా పోల్చుకోలేడు. పైన పటారం లోన లొటారం అన్న మాట పుట్టించినవాడెవడో గానీ, వాడు తప్పకుండా ఏ డెంటింగ్ షాపులోనో మోసపోయి ఉంటాడు.

మాది హిందీ మాట్లాడే వైపు, ఇనుపగనుల ఊరు కిరందుల్‌లో రైల్వే క్వార్టరు. కొండ మీద గనులు మూడు షిఫ్టుల్లోనూ నడుస్తున్న రోజులవి. నాన్న ఇనుపరాయి మోసే గూడ్సు రైళ్ళకి డ్రైవరు, నేను సిగ్నళ్ళ డిపార్టుమెంటు. అప్పటికి నాన్న పోయి నాలుగేళ్ళు. ఇంట్లో అమ్మ, అక్క, నేను, నాన్న వదిలిన ఇంగ్లీషు కారు ఉండేవాళ్ళం. కారుని కూడా మనుషుల్లో కలిపి చెప్పడం మా ఇంట్లో అలవాటు.

ఇంగ్లాండులో తయారై ఓడలో వచ్చిన చిన్న కారు. గుండ్రటి వీపు, పొడుచుకొచ్చిన లైట్లు. కొండని కొలవడానికి మొదటి రోజుల్లో వచ్చిన ఒక సర్వేయరు వెళ్ళిపోతూ దాన్ని నాన్నకి అంటగట్టాడు. ఇంజను మాత్రం బంగారం. నాన్న దాన్ని కొన్నది మా అక్క కోసం.

అక్కకి చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. ఇనుప పట్టీల బూటు వేసుకుని, చేతికర్ర పట్టుకుని నడుస్తుంది. బచేలీలో ప్రైమరీ స్కూలు టీచరు. ఇక్కణ్ణుంచి పది పన్నెండు కిలోమీటర్లు. షేర్ జీపుల్లో మనుషుల్ని బస్తాల్లా కూరుతారు, వెనక కమ్మీ పట్టుకుని ఎగిరి ఎక్కాలి. అక్క రెండుసార్లు ఎక్కబోయి రెండుసార్లూ కింద పడింది. అప్పుడు నాన్న కారు కొని, లోకో షెడ్డులో కూర్చుని ఒక పని చేశాడు. ఎడమకాలితో తొక్కాల్సిన క్లచ్ పెడల్‌కి అడ్డంగా డాష్‌బోర్డు కింద నుంచి ఒక కడ్డీ వేసి, దాని కొసన డ్రైవరు డోరు పక్కన నిలువుగా ఒక లీవరు నిలబెట్టాడు. పాత ఇంజను నుంచి తీసిపారేసిన ఇత్తడి పిడి దానికి తొడిగాడు. అక్క కుడిచేత్తో లీవరు లాగి, ఎడమచేత్తో గేరు మారుస్తుంది. ఆ ఒక్క క్షణం స్టీరింగు మోచేత్తో ఆపుతుంది. పక్కన కూర్చున్నవాడికి పై ప్రాణాలు పైనే పోతాయి. అక్క మాత్రం నాన్న నేర్పినన్నాళ్ళూ, ఆ తర్వాతా ఒక్క కోడిపిల్లని కూడా గుద్దలేదు.

సెలవులకి ముందు ఆఖరి రోజున అక్క బడి నుంచి వచ్చి, క్వార్టరు ముందు కారు ఆపి, దిగకుండా హారన్ కొడుతూ కూర్చుంది. వెళ్ళి డోరు తీశాను. ఆమె ఎడమకాలు మోకాలి దాకానే ఉంది. మిగతాది కారు అడుగు రేకులోంచి కిందికి దిగి నేల మీద ఆనింది.

“ఏట్రా అలా సూస్తన్నావు, ముందు లాగు. గేటు కాణ్ణించి బూటు ఈడ్సుకుంటా వచ్చాను,” అంది అక్క. నవ్వుతోంది, కానీ మొహం పాలిపోయింది. బూటు మునివేళ్ళ దగ్గర తోలు అరిగి చీకిపోయింది.

అడుగు రేకు మొత్తం తుప్పు. మా ఊళ్ళో ఉన్న దౌర్భాగ్యం ఏమిటంటే కొండ దుమ్ము ఎరుపు, తుప్పూ ఎరుపు. కారు మీద పడ్డది దుమ్మనుకుని తుడుస్తూ కూర్చుంటాం. లోపల రేకు తినేసిందన్న సంగతి కాలు దిగబడితే గానీ తెలియదు. వేలితో నొక్కితే అడుగంతా అప్పడంలా విరిగింది. ఇన్నాళ్ళూ అక్క దీని మీద కాళ్ళు పెట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కి దిగింది.

స్కూళ్ళు తెరిచేలోపు కారు బాగుపడాలి. ఎందుకంటే కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు సెలవులిచ్చేటప్పుడే అక్కని పిలిచి చెప్పాడు, “బహెన్‌జీ, తెరిచిన రోజు మొదటి గంటకి సంతకం పడాలి. రోజూ రాలేనంటే ఇప్పుడే చెప్పెయ్యండి, మీ చోటికి చాలామంది ఉన్నారు,” అని. అమ్మ ఆ మాట విని, “ఉజ్జోగం మానీమ్మా, ఇంటికాడే ఉందువు గానీ,” అంది. ఆ రాత్రి అక్క అన్నం తినలేదు. అమ్మ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మొదట మా టౌన్‌షిప్ మార్కెట్లోని షాపుకే ఇచ్చాను. షాపతను సైగలతోనే మాట్లాడే రకం, నోట్లో ఎప్పుడూ గుట్కా. మూడో రోజుకే కారు సిద్ధమన్నాడు. అడుగు నున్నగా, నల్లగా మెరుస్తోంది. నాకు అనుమానం వచ్చి తాళంచెవితో పొడిచాను. తాళంచెవి మొత్తం దిగిపోయింది. బయటికి లాగితే దాంతోపాటు కాగితం ముక్క వచ్చింది, హిందీ పేపరు! కన్నంలో గోనెపట్టా, దాని మీద పేపర్లు కుక్కి, పైన లప్పం మెత్తి, రంగు కొట్టాడు.

“ఇదేంటి?” అన్నాను.

గుట్కా పక్కకి ఊసి, “చలేగా సాబ్,” అన్నాడు. నడుస్తుందట! మనిషి కాలు పెట్టే చోట న్యూస్‌పేపరు పెట్టి నడుస్తుందట! ఛీ, ఆ నోటినీ ఆ ఎర్రటి ఉమ్మునీ తలుచుకుంటే ఇప్పటికీ రోతే. నాకు తెలిసిన మూడు భాషల్లోనూ తిట్టి కారు తీసుకొచ్చేశాను. తెలుగులో తిట్టినవి వాడికి అర్థం కాలేదని కొంచెం బాధ.

తర్వాత ఎవరో గీదం దాటాక హైవే మీద పెద్ద షాపుందని చెప్పారు. నిజంగానే పెద్దది. ఆవరణలో అరడజను టిప్పర్లు, గ్యాస్ వెల్డింగ్, వరసగా సుత్తులు. యజమాని తెల్లబట్టల మనిషి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. గోడ మీద ఒక పాత క్యాలెండరు బొమ్మ ఉంది. అచ్చం మా కారే. ఏదో విలాయతీ పచ్చికబయలు మీద, నీలం రంగులో, కొత్త పెళ్ళికూతురిలా ఉంది.

“బిల్కుల్ ఐసా బనా దేంగే. ఒరిజినల్,” అన్నాడు. అచ్చం ఇలాగే చేసిస్తాడట.

ఇక్కడే నా బుద్ధి గడ్డి తింది. అప్పటిదాకా నాకు కావలసింది అడుగు రేకు. ఆ బొమ్మ చూశాక కారు కావాలనిపించింది. అధికారుల క్లబ్బు ముందు ఆదివారం సాయంత్రం కార్లు వరసగా ఆగుతాయి. వాటి మధ్య ఇది నీలంగా మెరుస్తూ ఉంటే, అందులోంచి నేను దిగుతుంటే, వాళ్ళు తలలు తిప్పి చూస్తే! ఆ షాపు కుర్చీలో కూర్చుని, చాయ్ తాగుతూ, ఇదంతా ఊహించుకున్నాను. నాన్న పైన బిగించిన సామాన్ల కమ్మీ, అదనపు హారన్, వెనక బురదరేకులు అన్నీ పనికిరాని చెత్తలా, అసహ్యంగా కనిపించాయి. కారు మీద గాల్లో చెయ్యి తిప్పి, హిందీలో దర్జాగా చెప్పాను.

“ఫాల్తూ అంతా తీసెయ్యండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు ఉండాలి.”

మూడు వారాలయ్యాక వెళ్ళాను. దూరం నుంచి చూస్తే నీలం రంగు నిజంగానే మెరుస్తోంది. దగ్గరికెళ్తే కారు ఒంగి కూర్చుంది, స్ప్రింగులు నేలకి దిగిపోయాయి. డోరు తీస్తే ఇదివరకు రెండు వేళ్ళతో వచ్చేది, ఇప్పుడు భుజం పెట్టాల్సి వచ్చింది. కిందికి దూరి చూశాను. అడుగున వేసింది టిప్పర్ల తొట్టి పలక! ఇనుపరాళ్ళు పడి పడి అరిగిన మందపాటి పలకని కోసి, కారు అడుక్కి వెల్డింగ్ చేశారు. డోర్ల లోపలా అదే. వాళ్ళ చేతులకి జన్మలో టిప్పరు తప్ప ఇంకొకటి తెలియదు. రోజూ ఇరవై టన్నుల రాయి మోసే తొట్టెలు అతికేవాళ్ళకి, ఈ కారు రేకు వేలితో వంగేంత పల్చగా ఉండడమే ఒక జబ్బులా కనిపించింది. జబ్బు నయం చేశారు.

“మజ్‌బూత్ చేశాం సాబ్. మీ మనవలు కూడా నడుపుతారు,” అన్నాడు యజమాని గర్వంగా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. స్టార్టు చేసి రోడ్డెక్కిస్తే చిన్న గట్టుకే ఇంజను ఆయాసపడింది. రెండో గేరు వేద్దామని చెయ్యి చాపాను. అప్పుడు చూశాను. డోరు పక్కన లీవరు లేదు. అది నిలబడ్డ చోట, డోరు గడప మీద, మూడు బోల్టు కన్నాలు, వాటి మీద లప్పం.

వెనక్కి తిప్పి షాపులోకి దూసుకెళ్ళాను. ఆవరణలో అందరూ సుత్తులు ఆపి చూస్తుండగా అరిచాను. ఇత్తడి పిడి లీవరు ఏదీ, ఏం చేశారు, ఎవడి సొమ్మని తీశారు అని. యజమాని అరవలేదు. అదే పెద్దరికంతో నెమ్మదిగా అన్నాడు.

“కబాడీవాడికి పోయింది సాబ్. మీరే కదా అన్నారు, ఫాల్తూ అంతా తీసెయ్యమని.”

తేలు కుట్టిన దొంగలా కారెక్కాను. పాత సామాను కొనే ఆ కబాడీవాడి దగ్గరికి కూడా వెళ్ళాను. వాడి పాక నిండా తుప్పు సామాను, మురికినీళ్ళు, వాసన. ఇత్తడి ఎప్పుడో రాయ్‌పూర్ లారీ ఎక్కిపోయిందన్నాడు.

ఇంటికొచ్చాక అక్క కారు చుట్టూ కర్రతో తిరిగింది. డోరు తీసి చూసింది. కుడిచెయ్యి అలవాటుగా లీవరు కోసం వెళ్ళి గాల్లో ఆగింది.

“ఏదిరా?”

“ఆ వెధవలు పీకి అమ్మేసుకున్నారక్కా,” అన్నాను. మిగతాది చెప్పలేదు. ఆ సాయంత్రమంతా షాపులవాళ్ళని తిడుతూనే ఉన్నాను. అంత గట్టిగా ఎందుకు తిట్టానో నాకు తెలుసు.

స్కూలు తెరవడానికి ఇంక పది రోజులే ఉన్నాయి. వాన మొదలైంది. మూడో రోజు అక్క తన రేకు పెట్టె ముందు కూర్చుని పిలిచింది. ఉద్యోగంలో చేరినప్పుడు నాన్న కొనిచ్చిన పెట్టె అది, పిల్లల పుస్తకాలు పెట్టుకునేది. ఇన్ని వానాకాలాల్లో అందులో ఒక్క కాగితం తడవలేదు.

“ఒరేయ్, ఈ రేకు సూడు. ఎంత పల్సగుందో! తుప్పేదీ? దీన్ని సేసినోడికి కారు అడుగు సెయ్యడం రాదేట్రా?”

నాకు నవ్వొచ్చింది. పెట్టెలు చేసేవాడు కారు చేస్తాడా? కానీ అక్క నవ్వలేదు. మూత లోపల హిందీ అక్షరాల్లో దోర్నపాల్ అని రాసి ఉంది. దోర్నపాల్‌లో మాకు తెలిసిన పాస్టరుగారి కుటుంబం ఒకటుంది. నాలుగు రోజులు సెలవు పెట్టి, అక్కని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ ఒంగిన కారుని ఏడిపించుకుంటూ సుక్మా మీదుగా తీసుకెళ్ళాను. దారి పొడుగునా నాలో నేను సణుక్కున్నాను. డెంటింగ్ షాపులు అయిపోయాయి, ఇక పెట్టెల కొట్లు, తర్వాత కుండల కొట్లు అని.

పెట్టెల మేస్త్రీ సంత బజారు చివర రేకుల పంచలో కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, తెలుగు మాట్లాడే ఎర్రబోరు వైపు వాడు. కారు చుట్టూ తిరగలేదు. అడుగు మీద వేలి కణుపుతో ఒక్కసారి కొట్టి, చెవి పెట్టి విన్నాడు.

“ఏంది సారూ ఇది, కారా, లారీయా? మనిషి కూసునే బండికి రాళ్ళు మోసే పలక ఏసిన్రు. ఏ పిచ్చోడేసిండు?”

ఆ ఒక్క మాటకి ఆయన కాళ్ళు పట్టుకుందామనిపించింది. తర్వాత ఆయన లేచి, చేతులు తుడుచుకుని, ఇన్ని షాపుల్లో ఒక్కడూ అడగని మాట అడిగాడు.

“బండి నడిపేదెవలు?”

“నేనే,” అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. అక్కడిదాకా నడిపింది నేనే అనుకోండి. పక్కనే అక్క కర్ర మీద ఆనుకుని నిలబడి ఉంది. నా వైపు చూసింది. ఆయన నా కాళ్ళ పొడుగు చూసి తలూపాడు.

మూడు రోజులు పని. బజారులోని గ్యాస్ కటింగ్ వాణ్ణి పిలిపించి ఆ టిప్పరు పలకలన్నీ కోయించాడు. లప్పం ఉన్న ప్రతి చోటా ఉలితో గీకాడు. డోరు పక్కన బోల్టు కన్నాల్లోదీ రాలిపోయింది. పల్చటి జింకు రేకు కొలిచి, కత్తిరించి, అంచులు పెట్టె మూతకి మడిచినట్టే మడిచి, రివిట్లు కొట్టి, మడతల్లో టంకం పోశాడు. ఒక్క చోట కూడా లప్పం ముట్టలేదు. అడిగితే, “అది అన్నంలో రాయి లాంటిది, నాకు పడదు,” అన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం వాన తెరిపిచ్చి ఎండ కాసింది. ఆయన పాస్టరుగారింటి నుంచి దుప్పట్లు తెమ్మన్నాడు. పెట్టె అమ్మేముందు కొనేవాళ్ళని అందులో తల పెట్టమని, పైన దుప్పటి కప్పి ఎండకి నిలబెడతాడట. లోపల ఎక్కడైనా వెలుగు చుక్క కనిపిస్తే పెట్టె వెనక్కి తీసుకుంటాడు.

“ఎలుతురు జొరబడ్డ కాడ నీళ్ళు జొరబడ్తయ్. నేను సూస్తే నా కండ్లకు బాగనే కనపడ్తది. మీరే కూసోని సూడుండ్రి,” అన్నాడు.

కారు కింద ఇటుకలు పెట్టి ఎత్తాడు. నేను డ్రైవరు సీట్లో, అక్క పక్క సీట్లో కూర్చున్నాం. అద్దాల మీదా, పైనా దుప్పట్లు కప్పేశాడు. చిమ్మచీకటి, ఉక్క, కొత్త రేకు వాసన. కాళ్ళ దగ్గర ఒక్క చుక్క వెలుగు లేదు. నాకు గొప్ప సంతోషమైంది.

“సూసావా అక్కా, అడుగు అద్దంలా వచ్చింది,” అన్నాను.

“అటు సూడు,” అంది.

నా కుడిపక్కన, డోరు దగ్గర, మూడు వెలుగు చుక్కలున్నాయి. లీవరు బోల్టు కన్నాలు. మేస్త్రీ అవి ఏమిటో తెలియక వదిలేశాడు. చెప్పాల్సినవాణ్ణి నేను.

అక్క గొంతు వచ్చింది, మామూలుగానే.

“వాళ్ళంతట వాళ్ళు తీయలేదు కదురా?”

చీకట్లో అబద్ధం చెప్పడం సులువనుకుంటాం. నాకు చేతకాలేదు. షాపు, చాయ్, క్యాలెండరు బొమ్మ, క్లబ్బు, నేను గాల్లో తిప్పిన చెయ్యి, అన్నీ చెప్పేశాను. “ఫాల్తూ అంతా తీసెయ్యమన్నానక్కా. లీవరు సంగతి నాకు గుర్తే లేదు,” అన్నాను.

“గుర్తులేదు,” అంది అక్క. “నీకు బొమ్మ కావాలనిపించింది. నానెలా బడికెల్తానో గుర్తులేదు. ఈయన అడిగినా నేనే అన్నావు.”

ఆ వేసవంతా గుట్కావాడినీ, తెల్లబట్టలవాడినీ, కబాడీవాడినీ తిట్టాను. గురివింద గింజ సంగతి తెలియనిదెవరికి? లప్పం వాసన కంటే నా వాసనే ఎక్కువ కొట్టింది నాకు అక్కడ. ప్రభువా, ఈ దుప్పట్లు తీసెయ్యండిరా బాబూ అని అరవాలనిపించింది.

ముందు అక్కే దుప్పటి తోసింది. కర్ర ఆనించి దిగి, మేస్త్రీ ముందుకెళ్ళి నిలబడింది.

“బండి నడిపేది నానండి. ఆ కన్నాలు మూసెయ్యకండి. అక్కడ ఒక లీవరుండాలి.”

ఆయన ఆమె కాలి వైపు చూశాడు, ఆమె చేతుల వైపు చూశాడు. నా వైపు చూడలేదు. “ముందే సెప్పరాదమ్మా,” అన్నాడు. ఆమెని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, నులకతాడుతో భుజం నుంచి పిడికిలి దాకా కొలిచాడు. డాష్‌బోర్డు కింద నాన్న వేసిన అడ్డకడ్డీ ఇంకా అలాగే ఉంది, కనిపించలేదు కాబట్టి బతికిపోయింది. సాయంత్రానికల్లా ఇనుపకడ్డీ కాల్చి వంచి, బోల్టులు బిగించి, చివర పెద్ద పెట్టెలకి వేసే పిడి ఒకటి తొడిగాడు. అక్క లాగి చూసింది. “ఇంకో వేలెడు ఇటు,” అంది. ఆయన మళ్ళీ కాల్చాడు.

మర్నాడు పొద్దున్న దోర్నపాల్ నుంచి అక్కే నడిపింది. నేను పక్కన కూర్చున్నాను. కారు తేలిగ్గా సాగుతోంది. మొదటి ఎగువలో అక్క కుడిచేత్తో లీవరు లాగి, ఎడమచేత్తో గేరు మారుస్తూ, స్టీరింగుని మోచేత్తో ఆపింది. ఎదురుగా టిప్పరు వస్తోంది. నా చెయ్యి నాకు తెలియకుండానే స్టీరింగు మీదికి వెళ్ళింది.

అక్క గేరు మీది చెయ్యి తీసి చటుక్కున దాని మీద ఒక్కటి కొట్టింది.

“తియ్యి. ఈ కారులో ఫాల్తూ ఏదన్నా ఉంటే అది నువ్వే.”

చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. టిప్పరు పక్కనుంచి వెళ్ళిపోయింది. సుక్మా దాకా ఆ చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు.